మారని నాబ్‌లు, మారే ఫర్మ్‌వేర్: ఎలక్ట్రానిక్ వాయిద్యంలో దేన్ని బిగించాలి, దేన్ని వదలాలి

సింథసైజర్ ప్యానెల్ మీద అచ్చయిన అక్షరాలు ఫ్యాక్టరీ దాటాక మారవు. నాబ్‌ల కోసం చేసిన రంధ్రాలు మారవు, వెనక ఉన్న జాక్‌ల లెక్కా మారదు. లోపల చిప్‌ను నడిపే ప్రోగ్రామ్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను మాత్రం ఎన్నిసార్లైనా తిరగరాయొచ్చు. అందుకే ఇప్పటి ఎలక్ట్రానిక్ వాయిద్యాలకు రెండు వయసులుంటాయి: డబ్బా వయసు ఒకటి, ప్రోగ్రామ్ వయసు ఒకటి. వాడేవాళ్లు కొత్త సౌకర్యాలు అడుగుతూనే ఉంటారు, చిప్‌లో చోటున్నంతకాలం ఇంజినీర్లు చేర్చగలరు కూడా. చేర్చినదాన్ని ప్యానెల్ మీద ఏ చెయ్యి ఎక్కడ అందుకోవాలి అన్నదగ్గరే పేచీ మొదలవుతుంది.

ఈ పేచీని "నాబ్‌లు మంచివి, మెనూలు చెడ్డవి" అని తేల్చేసేవాళ్లు చాలామంది. ఆ తీర్పు సగమే నిజం. ప్యానెల్ నిండా నాబ్‌లున్నా అప్‌డేట్‌తో గందరగోళమైపోయిన వాయిద్యాలున్నాయి. మూడే నాబ్‌లతో ఏళ్ల తరబడి కొత్త ఇంజిన్లను (శబ్దం పుట్టించే పద్ధతులను) హాయిగా ఇముడ్చుకున్నవీ ఉన్నాయి. ప్రతి నాబ్‌కూ ఏ పాత్ర ఇచ్చారు, దాచుకున్న పాత పనిని ఎలా కాపాడారు అన్న రెండు విషయాల మీద తేడా వస్తుంది.

నాబ్‌కూ శబ్దానికీ మధ్య తీగ తెగిన చోటు

1970 నాటి మినీమూగ్‌లో కటాఫ్ నాబ్ (ఏ పౌనఃపున్యం దగ్గర శబ్దాన్ని కోయాలో చెప్పేది) ఫిల్టర్ సర్క్యూట్‌లో ఒక భాగం. తిప్పితే వోల్టేజీ మారుతుంది, దాంతో ఫిల్టర్ కదులుతుంది. నాబ్ మీది గీత ఎటు చూపిస్తే అదే నిజం. ఈ ప్యానెల్ అమరిక ఎంత గట్టిదంటే, 2016లో మళ్లీ తయారు చేసినప్పుడు విడిగా ఒక ఎల్ఎఫ్ఓ (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే ఆసిలేటర్), కీల ఒత్తిడికి స్పందించే ఔట్‌పుట్‌లు చేర్చారు గానీ ఎడమ నుంచి కుడికి శబ్దం పుట్టించే ఆసిలేటర్లు, మిక్సర్, ఫిల్టర్ అన్న వరస జోలికి పోలేదు.

1978లో వచ్చిన ప్రాఫెట్-5లో మైక్రోప్రాసెసర్ నాబ్‌లను చదివి, 40 శబ్దాలను జ్ఞాపకం పెట్టుకుంది. సంగీతకారులకు అదొక వరం. కానీ ఆ క్షణం నుంచే నాబ్ అబద్ధం చెప్పడం మొదలైంది. దాచిన శబ్దంలో కటాఫ్ 30 దగ్గర ఉంటుంది, నాబ్ మాత్రం పాత శబ్దం తాలూకు 100 దగ్గరే ఆగి ఉంటుంది. ఇప్పుడు నాబ్‌ను ముట్టుకుంటే ఏం జరగాలి?

దీనికి మూడు జవాబులు స్థిరపడ్డాయి. మొదటిది జంప్: ముట్టుకోగానే విలువ నాబ్ ఉన్న చోటికి ఎగురుతుంది. స్టూడియోలో ఫరవాలేదు గానీ వేదిక మీద ఫిల్టర్ ఒక్కసారిగా తెరుచుకుంటే స్పీకర్లు అరుస్తాయి. రెండోది క్యాచ్: నాబ్ ఆ దాచిన విలువను దాటేదాకా ఏమీ జరగదు. సురక్షితమే, కానీ చీకట్లో వాయించేవాళ్లకు నాబ్ చచ్చిపోయిందనిపిస్తుంది. మూడోది స్కేల్: మిగిలిన ప్రయాణాన్ని మిగిలిన విలువలకు సాగదీసి పంచుతుంది. ఎటు తిప్పితే అటు వెంటనే కదులుతుంది. కాకపోతే కొసను తాకేదాకా నాబ్ చూపించే స్థానానికీ అసలు విలువకూ పొంతన ఉండదు. ప్రత్యక్ష ప్రదర్శనకు మా ఓటు స్కేల్‌కే. ఏదైనా సరే, మూడింటిలో ఒకటి ఎంచుకునే సెట్టింగ్ పెట్టడం మంచిది. ఫర్మ్‌వేర్‌లో చేర్చదగ్గ అతి చవకైన మేలు ఇది.

ఆ తర్వాత 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. ఆరు ఆపరేటర్లు (తరంగం పుట్టించే యూనిట్లు), వాటిని కలిపే 32 అల్గారిథమ్‌లు. ఒక శబ్దానికి 155 బైట్లు పడితే, అందులో 10 పేరుకు పోగా మిగిలినవన్నీ పారామీటర్లే. వాటన్నిటికీ ఒక చిన్న ఎల్‌సీడీ, ఒక వరస మెంబ్రేన్ బటన్లు, విలువ మార్చడానికి ఒకే ఒక్క స్లైడర్. చాలామంది సొంత శబ్దం చేసే ప్రయత్నమే మానుకుని ఫ్యాక్టరీ ఇచ్చిన ప్రీసెట్లతో సరిపెట్టుకున్నారు. అదే కాలంలో రోలాండ్ ఇంకో దారి పట్టింది: జేఎక్స్-3పీ సింథ్ నుంచి నాబ్‌లు తీసేసి, పీజీ-200 అనే నాబ్‌ల పెట్టెను విడిగా అమ్మింది.

డీఎక్స్7 నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఆ ప్యానెల్‌ను ఎవరూ ప్రేమగా తలుచుకోరు, కానీ ఆ శబ్దాల ఫార్మాట్ నలభై ఏళ్లు దాటినా బతికే ఉంది. డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని చదువుతుంది, కోర్గ్ వోల్కా ఎఫ్ఎమ్ అనే చిన్న సింథ్ కూడా చదువుతుంది. బిగించాల్సినవాటిలో కంటికి కనిపించనివీ ఉంటాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఏ భాగం బిగిస్తే ఎంత చేటు

భవిష్యత్తులో ఫర్మ్‌వేర్ మారుతుందని తెలిసినప్పుడు విడిభాగాల ఎంపికే మారాలి. వాల్యూమ్ కోసమని, తిప్పిన కొద్దీ విలువ సమానంగా మారని లాగరిథమిక్ పాట్ (నాబ్ కింద తిరిగే నిరోధం) అతికిస్తే, రేపు అదే నాబ్‌కు పిచ్ అప్పజెప్పినప్పుడు ఒక మూల అంతా కిక్కిరిసి ఉంటుంది. అన్నిచోట్లా 10 కిలో ఓమ్ లీనియర్ పాట్ వేసి, వంపును సాఫ్ట్‌వేర్‌లో టేబుల్‌గా పెట్టుకుంటే ఆ తలనొప్పి లేదు. మధ్యలో టక్కుమని ఆగే పాట్ ప్యానింగ్‌కు బాగుంటుంది. కటాఫ్‌కు వాడితే సరిగ్గా మధ్యలో తడబడుతుంది. ఆగని పాట్ వేసి, మధ్య విలువ చుట్టూ రెండు మూడు శాతం నిశ్చల మండలం సాఫ్ట్‌వేర్‌లో పెడితే రెండు పనులూ జరుగుతాయి.

100 కిలో ఓమ్ పాట్‌లు కరెంటు తక్కువ తాగుతాయని వేసేవాళ్లున్నారు. సీడీ4051 లాంటి మల్టిప్లెక్సర్‌తో (అనేక తీగలను వంతులవారీగా కలిపే స్విచ్ చిప్‌తో) ఎనిమిది నాబ్‌లను ఒకే ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) పిన్ మీద చదివేటప్పుడు దాని ఫలితం కనిపిస్తుంది. పాట్ మధ్యలో ఉన్నప్పుడు దాని మూల నిరోధం (ఏడీసీ వైపు నుంచి కనిపించేది) మొత్తంలో నాలుగో వంతు: 10 కిలో ఓమ్‌కు 2.5, 100 కిలో ఓమ్‌కు 25. ఏడీసీ లోపలి కెపాసిటర్ అంత నిరోధం గుండా నిండేలోపే చదివేస్తే, ముందు చదివిన నాబ్ విలువ కొంత ఇందులోకి కారుతుంది. రెజొనెన్స్ (కటాఫ్ దగ్గర శబ్దాన్ని నొక్కి చూపేది) తిప్పితే పక్కనున్న డికే (శబ్దం తగ్గే వేగం) కదలడం అనే లక్షణానికి మూలం చాలాసార్లు ఇదే. ఛానెల్ మార్చాక కొన్ని మైక్రోసెకన్లు ఆగడం, లేదా మొదటి రీడింగ్ పారేసి రెండోది తీసుకోవడం దీనికి మందు.

ఎన్‌కోడర్ అంటే ఆగకుండా తిరుగుతూ మెట్లు లెక్కపెట్టే నాబ్. దానికి కొసలు ఉండవు కాబట్టి అబద్ధం చెప్పదు. కానీ తిరుగుడు ఎక్కువ. చుట్టుకు 24 మెట్లుండే మామూలు ఎన్‌కోడర్‌తో 0 నుంచి 127కు పోవాలంటే ఐదు చుట్లు దాటాలి. పాట్‌తో అది 300 డిగ్రీల ఒక్క విసురు. అందుకని వేగంగా తిప్పితే పెద్ద అంగలు వేసే లెక్క పెడతారు. ఆ లెక్క పెట్టగానే "పావు చుట్టు తిప్పితే ఇంత" అన్న చేతి జ్ఞాపకం పోతుంది. చుట్టూ ఎల్ఈడీల ఉంగరం ఉన్న ఎన్‌కోడర్‌తో విలువ కంటికి కనబడుతుంది, 2001లో నార్డ్ లీడ్ 3 ఆ దారి తొక్కింది. ప్రతి నాబ్‌కూ పదిహేను ఎల్ఈడీలు, వాటిని నడిపే చిప్‌లు, వైర్లు అంటే ఖర్చు మరి.

అన్నిటికంటే మొండిది రోటరీ సెలెక్టర్. ఆరు తరంగ రూపాల కోసం ఆరు స్థానాల స్విచ్ పెట్టి, పక్కన ఆరు బొమ్మలు అచ్చేస్తే ఏడోదానికి చోటు శాశ్వతంగా మూసుకుపోయినట్టే.

పారామీటర్ పేరు కాదు, పాత్ర పేరు

మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 2018లో తెచ్చిన ప్లైట్స్ అనే యూరోర్యాక్ మాడ్యూల్ (చట్రంలో బిగించి తీగలతో కలిపే సింథ్ ముక్క) ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటిది. దానికి స్క్రీన్ లేదు. శబ్దాన్ని మలిచే ప్రధాన నాబ్‌లు మూడు: హార్మోనిక్స్, టింబర్, మార్ఫ్. ఎనిమిది ఎల్ఈడీలు, రెండు బటన్లతో మోడల్ ఎంపిక. ఎల్ఈడీ రంగును బట్టి రెండు బ్యాంకులు, మొత్తం 16 మోడళ్లు. ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని ఊపే ఎఫ్ఎమ్ మోడల్‌లో టింబర్ ఆ ఊపు (మాడ్యులేషన్) లోతును పెంచుతుంది. తీగ మీటినట్టుండే మోడల్‌లో శబ్దపు ప్రకాశాన్ని మారుస్తుంది. పనులు వేరైనా పాత్ర ఒకటే: తిప్పితే శబ్దం సన్నటిదనం నుంచి చిక్కదనానికి పోవాలి.

2022లో వచ్చిన 1.2 ఫర్మ్‌వేర్ మూడో బ్యాంకు చేర్చింది, మోడళ్లు 24 అయ్యాయి. రెండు రంగుల ఎల్ఈడీలో రెండూ కలిపి వెలిగిస్తే మూడో రంగు వస్తుంది కాబట్టి ప్యానెల్‌ను ముట్టుకోకుండానే పని జరిగింది. ఆ బ్యాంకులో ఆరు ఆపరేటర్ల ఎఫ్ఎమ్ ఉంది, అది డీఎక్స్7 శబ్దాలనే చదువుతుంది. 1983లో ఒక స్లైడర్ కింద నలిగిపోయిన నూట నలభైకి పైగా పారామీటర్లు ఇక్కడ మూడు నాబ్‌లలో ఒదిగాయి: ఒకటి శబ్దాన్ని ఎంచుకుంటుంది, ఒకటి మాడ్యులేటర్ల బలాన్ని మారుస్తుంది, ఒకటి ఎన్వలప్‌ల (శబ్దం పెరిగి తగ్గే తీరుల) కాలాన్ని సాగదీస్తుంది. శబ్దాన్ని మొదటినుంచీ కట్టుకునే స్వేచ్ఛ పోయింది, వాయించే స్వేచ్ఛ వచ్చింది. ఈ బేరం నచ్చనివాళ్లూ ఉంటారు, వాళ్ల వాదనా సబబే.

ఆర్టూరియా మైక్రోఫ్రీక్ (2019) ఇదే సూత్రాన్ని కీబోర్డులోకి తెచ్చింది: వేవ్, టింబర్, షేప్ అనే మూడు నాబ్‌లు, ఏ ఇంజిన్‌లో ఏది ఏమిటో చెప్పే చిన్న స్క్రీన్. ప్లైట్స్ కోడ్ ఓపెన్ సోర్స్ కాబట్టి దాని మోడళ్లు కొన్ని ఇందులోకి వచ్చాయి. తర్వాతి అప్‌డేట్‌లతో వోకోడర్ (గొంతుతో శబ్దాన్ని మలిచేది), శాంపిల్ (రికార్డు చేసిన శబ్దాన్ని వాడేది), గ్రాన్యులర్ (శబ్దాన్ని రేణువులుగా చేసి వాడేది) ఇంజిన్లు కూడా వచ్చి చేరాయి.

కోర్గ్ 2018లో ప్రోలాగ్ సింథ్‌తో ఒక అడుగు ముందుకేసి, బయటివాళ్లు కూడా ఆసిలేటర్ రాసి ఎక్కించుకునే లాగ్ ఎస్‌డీకే అనే ప్రోగ్రామింగ్ పనిముట్ల కట్ట ఇచ్చింది. షేప్ నాబ్, షిఫ్ట్ పట్టుకుని తిప్పే రెండో షేప్, మెనూలో ఆరు పారామీటర్ల దాకా. కోడ్‌కూ డేటాకూ కలిపి 32 కిలోబైట్లు. 2048 శాంపిళ్ల తరంగం 16 బిట్లలో 4 కిలోబైట్లు తింటుంది కాబట్టి, ఎనిమిది తరంగాలు పెడితే కోడ్‌కు చోటే మిగలదు. పరిమితి ఇంత కచ్చితంగా ఉన్నందువల్లే రాసేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సి వస్తుంది: నాబ్ మీదికి రాదగ్గది ఏది, మెనూలో పడుకోదగ్గది ఏది.

పాత్ర పేర్లు పెట్టినంత మాత్రాన సరిపోదు. కొత్త ఇంజిన్ చేర్చే ప్రతిసారీ ఈ పరీక్షలు పెట్టాలి. మూడు నాబ్‌లూ మధ్యలో ఉంచితే వినదగ్గ శబ్దం రావాలి. ఎడమ కొసలో నిశ్శబ్దం, కుడి కొసలో శుద్ధ రొద లాంటి చచ్చిన మూలలు ప్రయాణంలో పదో వంతు మించకూడదు. ఇంజిన్ మార్చినప్పుడు వినిపించే బిగ్గరతనం మూడు డెసిబెళ్లకు మించి ఎగరకూడదు. ఇందులో ఎక్కువమంది వదిలేసేది ఆఖరిదే. సంఖ్యల్లో సమానంగా ఉన్న రెండు ఇంజిన్లు చెవికి సమానంగా ఉండవు, కొలిచి సవరించాల్సిందే.

షిఫ్ట్ బటన్ అప్పు

పాత్రలో ఒదగని సౌకర్యం షిఫ్ట్ కింద చేరుతుంది, అక్కడా పట్టకపోతే మెనూకు పోతుంది. షిఫ్ట్ పనులు ప్యానెల్ మీద అచ్చయి ఉంటే భరించవచ్చు. అప్‌డేట్‌తో వచ్చిన షిఫ్ట్ పనికి అచ్చు ఉండదు, కరపత్రంలోనో వీడియోలోనో తప్ప దాని ఉనికి తెలియదు. అందుకే ఒక కొలత పెట్టుకోవచ్చు: పాట మధ్యలో మార్చాల్సినది ఒక చెయ్యి, ఒక కదలికతో అందాలి. పాటకూ పాటకూ మధ్య మార్చేది రెండు నొక్కుళ్ల దూరంలో ఉండొచ్చు. ఏడాదికోసారి ముట్టుకునేది, ఉదాహరణకు ట్యూనింగ్ సవరణ, ఎంత లోతు మెనూలో ఉన్నా నష్టం లేదు.

సింథ్‌స్ట్రామ్ కంపెనీ తెచ్చిన డెల్యూజ్ అనే వాయిద్యంలో ఈ ఒత్తిడి స్పష్టంగా కనిపిస్తుంది. దాని ప్యాడ్‌ల పక్కన పారామీటర్ పేర్లు అచ్చయి ఉంటాయి, షిఫ్ట్ పట్టుకుని ప్యాడ్ నొక్కితే ఆ పారామీటర్ తెరుచుకుంటుంది. వేగంలో దీన్ని మించే మెనూ లేదు. తొలి యూనిట్లలో డిస్‌ప్లే నాలుగు అక్షరాల సెవెన్ సెగ్మెంట్ మాత్రమే, తర్వాతివాటిలో ఓఎల్ఈడీ వచ్చింది. 2023లో ఫర్మ్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ చేశాక వాడుకరులే బోలెడు సౌకర్యాలు రాశారు. అచ్చులో లేని పారామీటర్ పేరును నాలుగు అక్షరాల్లోకి కుదించి, రెండు రకాల డిస్‌ప్లేల మీదా అర్థమయ్యేలా చేయడం రాసేవాళ్లకు అదనపు పని. ఆ కమ్యూనిటీ ఫర్మ్‌వేర్‌లో చాలా సౌకర్యాలకు విడిగా ఆన్, ఆఫ్ సెట్టింగులు పెట్టారు. చేతి అలవాటును తాకే మార్పు ఏదైనా ఆఫ్ స్థితిలోనే రావాలి, కావలసినవాళ్లు ఆన్ చేసుకుంటారు.

కనిపించని ఒప్పందాలు

ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు చేసే పొరపాట్లలో వాడుకరికి కోపం తెప్పించేవి ఎక్కువగా ఇక్కడే ఉంటాయి. ఒక ఉదాహరణ చాలు. ఫిల్టర్ రకాలు మూడు: 0 లోపాస్, 1 బ్యాండ్‌పాస్, 2 హైపాస్. కొత్తగా నాచ్ అనే రకం చేర్చాలి. మెనూలో బ్యాండ్‌పాస్ పక్కన అందంగా ఉంటుందని దాన్ని 2గా పెట్టి హైపాస్‌ను 3కు జరిపితే, దాచుకున్న హైపాస్ శబ్దాలన్నీ ఒక్క రాత్రిలో నాచ్ అయిపోతాయి. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కొత్తది ఎప్పుడూ చివరికే పోవాలి. మెనూలో కనిపించే వరస వేరే పట్టికలో ఉండాలి, దాచే సంఖ్యతో దానికి సంబంధం ఉండకూడదు.

ఈ దారినే మిగిలినవి కూడా. ప్రతి ప్యాచ్ (దాచిన శబ్దం) ఫైలు మొదట్లో ఫార్మాట్ వెర్షన్ సంఖ్య ఉండాలి. ప్రతి పారామీటర్‌కూ శాశ్వత గుర్తింపు సంఖ్య ఇవ్వాలి, ఆ పారామీటర్ రద్దయినా సంఖ్యను ఇంకోదానికి ఇవ్వకూడదు. పాత ఫైలులో లేని పారామీటర్‌కు పెట్టే డిఫాల్ట్ విలువ పాత శబ్దాన్ని ఉన్నదున్నట్టు ఉంచేదై ఉండాలి, కొత్త సౌకర్యాన్ని చూపించుకునేది కాదు. పరిధి మారితే, అంటే 0 నుంచి 127 ఉన్నది -64 నుంచి +63గా మారితే, లోడ్ చేసేటప్పుడే పాత విలువను మార్చి చదవాలి.

వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి విషయంలో పట్టు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఒప్పందంలో అవతలి పక్షం వేరే కంపెనీ పరికరం. కటాఫ్‌కు కంట్రోల్ ఛేంజ్ 74 అని ఒకసారి ప్రకటించాక ఎవరి సీక్వెన్సర్‌లోనో అది రాసి ఉంటుంది, మార్చడానికి వీల్లేదు. 1983 నాటి ఈ ప్రమాణంలో కంట్రోలర్ విలువకు 7 బిట్లు, అంటే 128 మెట్లు. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా దాదాపు పది ఆక్టేవ్‌లు కాబట్టి ఒక్కో మెట్టు సుమారు ఒక సెమిటోన్. రెజొనెన్స్ పెంచి కటాఫ్ లాగితే మెట్లు మెట్లుగా గరగరలాడేది అందుకే. మెట్ల మధ్య విలువలను సాఫ్ట్‌వేర్ కొన్ని మిల్లీసెకన్లలో జార్చుతూ పోతే గరగర పోతుంది. ఆ జార్పు మరీ ఎక్కువైతే నాబ్ బద్ధకంగా అనిపిస్తుంది. 2020లో వచ్చిన మిడి 2.0 కంట్రోలర్లకు 32 బిట్లు ఇచ్చినా, పాత పరికరాలతో మాట్లాడాల్సినంతకాలం 128 మెట్ల దారి తెరిచే ఉంచాలి.

లోపాన్ని సరిదిద్దడం కూడా మార్పే అన్న సంగతి చాలామందికి తట్టదు. ఎన్వలప్ డికే రాసినదానికంటే వేగంగా పడిపోతోందని కనిపెట్టి సరిచేస్తే, ఆ వేగానికే చెవి అలవాటుపడి కట్టిన బేస్ లైన్లన్నీ సాగిపోతాయి. ప్యాచ్ వెర్షన్ పాతదైతే పాత వంపు, కొత్తదైతే సరిచేసిన వంపు అని రెండూ ఉంచడం మేలు. విడుదలకు ముందు కొన్ని పదుల పాత ప్యాచ్‌లను పాత ఫర్మ్‌వేర్‌తోనూ కొత్తదానితోనూ రికార్డు చేసి పోల్చే అలవాటు ఉంటే ఇలాంటివి చాలావరకు బయటపడతాయి. యాదృచ్ఛికత లేని శబ్దాల్లో తేడా సున్నా రావాలి.

ముందే వదిలిపెట్టాల్సిన చోటు

ఫర్మ్‌వేర్ పెరగాలంటే డబ్బాలో ఖాళీ ఉండాలి. సెకనుకు 48 వేల శాంపిళ్లు, అంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 శాంపిళ్ల బ్లాక్‌కు దొరికే సమయం 1.33 మిల్లీసెకన్లు. ఒకేసారి మోగే ఒక్కో స్వరానికి ఆ సమయంలో 9 శాతం చొప్పున ఎనిమిది స్వరాలు 72 శాతం తింటే స్క్రీన్‌కు, మిడికి, నాబ్‌లకు ఊపిరాడుతుంది. కొత్త ఇంజిన్ స్వరానికి 14 శాతం అడిగితే ఎనిమిదికి 112, అంటే పగుళ్ల శబ్దం. ఆరు స్వరాలకు దిగడమా, ఇంజిన్‌ను తిరస్కరించడమా? ఆరుకు దిగితే ఆ సంగతి పేరు పక్కనే చూపించాలి. చెప్పాపెట్టకుండా స్వరాలను కొట్టేయడం మాత్రం చేయకూడదు.

జాక్‌లూ అంతే. మైక్రోఫ్రీక్ హెడ్‌ఫోన్ జాక్‌కు మైకు తీగ కూడా మొదటినుంచీ కలిపి ఉంది కాబట్టే వోకోడర్ ఫర్మ్‌వేర్‌తో రాగలిగింది. బోర్డు గీసేటప్పుడు ఒక్క కాంటాక్టు అదనంగా వేయడానికయ్యే ఖర్చు ఎంత తక్కువో, అది లేకపోతే తర్వాత సాధ్యం కాని పనులు అన్ని ఎక్కువ.

ఖాళీ ప్యానెల్ మతం

మొనోమ్ 2006లో అమ్మిన 40హెచ్ అనే పరికరం మీద ఎనిమిది వరసల్లో 64 బటన్లు, ఒక్క అక్షరం లేదు. అదే సంస్థ 2018లో తెచ్చిన నార్న్స్‌కు మూడు ఎన్‌కోడర్లు, మూడు కీలు, 128×64 స్క్రీన్. అది వాయిద్యంగా మారాలంటే స్క్రిప్టు ఎక్కించాలి. ఆర్గనెల్ అనే వాయిద్యంలో ప్యూర్ డేటా భాషలో రాసిన ప్యాచ్ మారితే నాలుగు నాబ్‌ల పనులూ మారిపోతాయి. ఇక్కడ పాత మాట తప్పే ప్రమాదం తక్కువ, ఎందుకంటే ఇచ్చిన మాటే కొద్దిది. బదులుగా ప్రతి స్క్రిప్టుకూ చేతులు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఇలాంటివాటిని పదేళ్లు వాయించినవాళ్లు చివరికి రెండు మూడు స్క్రిప్టుల దగ్గరే స్థిరపడటం, తమకు తామే ఒక ప్యానెల్ బిగించుకోవడం తరచూ కనిపిస్తుంది.

వాయించేవాళ్లకు ఇందులోంచి తేలే పనులు కొన్ని ఉన్నాయి. అప్‌డేట్‌కు ముందు ప్యాచ్‌లన్నీ సిసెక్స్‌గా (మిడి ద్వారా పంపే డేటాగా) గానీ ఫైళ్లుగా గానీ బయటకు తీసి పెట్టుకోవాలి, ఇప్పుడున్న ఫర్మ్‌వేర్ ఫైలు కూడా దగ్గర ఉండాలి. కార్యక్రమం దగ్గర పడ్డాక అప్‌డేట్ జోలికి పోకూడదు. కొత్త వెర్షన్ ఎక్కాక ముందుగా వినాల్సింది కొత్త సౌకర్యాన్ని కాదు, బాగా తెలిసిన మూడు పాత ప్యాచ్‌లను. వాటిని తెరిచి చూడొచ్చు గానీ, నమ్మకం కుదిరేదాకా కొత్త వెర్షన్‌లో సేవ్ చేయకూడదు. ఒకసారి కొత్త ఫార్మాట్‌లో రాసిన ఫైలును పాత ఫర్మ్‌వేర్ చదవలేకపోవచ్చు. వెనక్కి దిగనివ్వని పరికరాలూ ఉన్నాయి కాబట్టి, విడుదల పత్రంలో ఆ ఒక్క వాక్యం ఉందో లేదో వెతికాకే అప్‌డేట్ మొదలుపెట్టాలి.